బాక్స్ పోలేదండీ, అక్షరాలే మారాయి

ఈ నెల నాలుగు ఉత్తరాలు పాత కార్ల గేర్ల గురించే వచ్చాయి. మొదటిదానికి జవాబు పొడుగైపోయింది. రాసినాయన చెక్కు మీద సంతకం పెట్టేలోపు ఆపాలన్న తొందర నాది. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది 1966 ఫోర్డ్ మస్టాంగ్. 289 వి8 ఇంజన్, మూడు గేర్ల ఆటోమేటిక్. పోయినేడాది వాక్సహాచీ దగ్గర ఒక పెద్దాయన అమ్ముతుంటే కొన్నాం. గేర్ లివర్ బాగా వదులై ఊగుతుండేది. దాన్ని పీకేసి, కేబుల్‌తో పనిచేసే కొత్త షిఫ్టర్ తెప్పించి నేనే బిగించాను. అప్పట్నుంచి మూడు బాధలు. డిలో, అంటే డ్రైవ్‌లో పెడితే బండి ఎద్దు గట్టెక్కుతున్నట్టు కదులుతుంది. విచిత్రం ఏమిటంటే 2లో పెడితే మాత్రం చక్కగా లేచి గేర్లు తనే మార్చుకుంటుంది. పిలో, అంటే పార్క్‌లో పెట్టినా ఒకసారి డ్రైవ్‌వే మీద జానెడు జారింది. పైగా స్టార్ట్ చేయాలంటే లివర్‌ని ముందుకి నెట్టి పట్టుకోవాలి. షాపులో చూపిస్తే గేర్‌బాక్స్ దించి మొత్తం రీబిల్డ్ చేయాలి, 2,800 డాలర్లు అన్నారు. చేయించమంటారా? – ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఆ డబ్బు జేబులోనే ఉంచండి. డిలో మొండికేసి, 2లో పెట్టగానే హుషారుగా లేచే బాక్స్ చెడిపోయిన బాక్స్ కాదు. అది 1966 నాటి బాక్స్, అంతే. మీ కొత్త షిఫ్టర్ మీద ఉన్న అక్షరాలు దానికి తెలియవు.

మీ బండిలో ఉన్నది ఫోర్డ్ వాళ్ళ సి4. 1964లో మొదలై 1981 దాకా వచ్చింది. ఇన్నేళ్ళలో పైకి పెద్దగా మారినట్టు కనపడదు కాబట్టి అన్నీ ఒకటే అనుకుంటాం. కానీ 1966కీ 1967కీ మధ్య ఒక తేడా ఉంది. మీరు పీకేసిన పాత షిఫ్టర్ గరాజ్‌లో ఎక్కడో పడి ఉంటుంది కదా, దాని మీద ప్లేటు తుడిచి చూడండి. పి (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్) వరకూ మామూలే. ఆ తర్వాత డి ఉండదు. ఒక చిన్న చుక్క, దాని పక్కన ఒక పెద్ద ఆకుపచ్చ చుక్క, చివర ఎల్ (లో గేర్) ఉంటాయి. రోజూ నడపడానికి పెద్ద ఆకుపచ్చ చుక్క. అందులో పెడితే మొదటి గేర్‌లో బయల్దేరి రెండు, మూడు తనే వేసుకుంటుంది. చిన్న చుక్క మంచులోనూ బురదలోనూ వాడుకోవడానికి. అందులో బండి మొదటి గేర్‌ని ముట్టుకోదు, రెండో గేర్‌లోనే బయల్దేరి మూడుకి వెళ్తుంది. చక్రం జారకుండా నెమ్మదిగా కదలాలని అలా పెట్టారు.

1967 నుంచి ఫోర్డ్ ఈ చుక్కలు ఎత్తేసి పి, ఆర్, ఎన్, డి, 2, 1 అని పెట్టింది. డి అంటే మూడు గేర్లూ. 2 అంటే రెండో గేర్‌లోనే ఉండిపోవడం. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే షిఫ్టర్ల మీద ఉండేవి ఈ అక్షరాలే. సి4కి సరిపోతుందని డబ్బా మీద రాసి ఉంటుంది. అది అబద్ధమేమీ కాదు. అక్కడా ఆరు స్థానాలే, ఇక్కడా ఆరు స్థానాలే, కేబుల్ చక్కగా కుదురుతుంది. కానీ మీ డి వెళ్ళి కూర్చున్నది చిన్న చుక్క మీద. మీ 2 కూర్చున్నది ఆకుపచ్చ చుక్క మీద. అంటే మీరు ఇన్నాళ్ళూ ఫ్రిస్కో ఎండలో మంచు గేరు వేసుకుని తిరుగుతున్నారు.

సి4లో మొదటి గేర్ నిష్పత్తి 2.46, రెండోది 1.46. రెండో గేర్‌లో బయల్దేరితే చక్రానికి అందే బలం మొదటి గేర్‌లో అందేదానిలో ఐదింట మూడొంతులే. ఎద్దు గట్టెక్కినట్టుంది అని మీరన్నది సరిగ్గా ఇదే.

నా మాట నమ్మకపోయినా ఫర్వాలేదు, పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని డిలో పెట్టి నెమ్మదిగా వేగం పెంచండి. గేర్ మారడం ఒక్కసారే తెలుస్తుంది. ఆగి, 2లో పెట్టి మళ్ళీ అలాగే నడపండి. రెండుసార్లు మారుతుంది. ఇలా జరిగితే మీ బాక్స్ 1966దే, దాని ఆరోగ్యమూ బాగానే ఉన్నట్టు. లెక్క తిరగబడితే, అంటే డిలో రెండుసార్లు మారి, 2లో అసలు మారకపోతే, వాక్సహాచీ పెద్దాయన చేతికి రాకముందో వచ్చాకో ఎవరో కొత్త రకం బాక్స్ ఎక్కించారన్నమాట. అప్పుడు డిలో మందంగా ఉండటానికి వేరే కారణం వెతకాలి. కానీ మీ ఉత్తరం చదివితే నాకలా అనిపించడం లేదు.

అలాగని రీబిల్డ్ ఎవరికీ అక్కర్లేదనడం లేదు. ఇంజన్ వేడెక్కాక, పిలో ఉంచి, ఆన్‌లో ఉండగానే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వాసన చూడండి. ఎర్రగా ఉంటే నిశ్చింత. నల్లబడి మాడిన వాసన వస్తే షాపాయన మాట వినాల్సిందే. పోయాల్సి వస్తే మీ బాక్స్‌కి టైప్ ఎఫ్ అనే ఆయిల్. ఏదో ఒకటి ఎర్రగా ఉంది కదా అని పోసేయకండి.

మరి ఏం చేయాలి? వాల్వ్ బాడీ (ఏ గేర్ ఎప్పుడు పడాలో నడిపించే లోపలి భాగం) మార్చి పాత బాక్స్‌కి కొత్త వరస నేర్పించే వాళ్ళున్నారు. మీకది అనవసరం అంటాను. మా చిన్నమ్మాయి అయితే ఏం చేస్తుందో చెప్తాను. ఆకుపచ్చ నెయిల్ పాలిష్ తెచ్చి, ప్లేటు మీద 2 పక్కన ఒక బొట్టు పెడుతుంది. మీరూ అదే చేయండి. ఇక రోజూ ఆ బొట్టులోనే నడపండి. డిని మంచు పడ్డ రోజుకి దాచుకోండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను గుర్తుంది కదా? నాది 1967 మస్టాంగ్. ఆ వారం పాల కోసమని రెండో గేర్‌లోనే పెట్టుకుని, నడిచినంత వేగంతో వెళ్ళొచ్చాను. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఇంట్లో ఆ బండి నడిపే వాళ్ళందరికీ ఈ బొట్టు సంగతి చెప్పండి.

ఇది మొదటి బాధ. నవ్వుకుని వదిలేయచ్చు. మిగతా రెండూ అలాంటివి కాదు. పిలో పెట్టాక జారడం, స్టార్టర్ కోసం లివర్ నెట్టి పట్టుకోవడం వేరువేరుగా కనపడినా జబ్బు ఒకటే. మీ చేతిలో లివర్ పి అంటోంది, కింద బాక్స్ ఇంకా పికి చేరలేదు. ఇది సరిచేసేదాకా బండి బయటికి తీయకండి. పైన చెప్పిన ఆదివారం పరీక్ష కూడా ఆ తర్వాతే.

నేను బెజవాడ ఆటోనగర్‌లో పెరిగాను. నాన్నకి అక్కడ లారీ షెడ్డు. మా షెడ్డులో ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. గేర్లు సరిగ్గా పడటం లేదని లారీ వస్తే, డ్రైవర్‌ని గేర్ రాడ్డు కదపమని, తను కింద దూరి బాక్స్ మీద అరచెయ్యి ఆనించేవాడు. డ్రైవర్ పైనుంచి పడిందని అరుస్తాడు. ఈయన కిందనుంచి పడలేదంటాడు. గొడవ ఎప్పుడూ ఈయనే నెగ్గేవాడు. మీ పనికి కూడా అదే పద్ధతి, ఇద్దరు కావాలి. ఒకరు పైన సీట్లో, ఒకరు కింద.

ముందు జాగ్రత్తలు. చదునైన సిమెంటు నేల కావాలి. బండి లేపాక నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ లేపడానికే, కింద దూరడానికి కాదు. బ్యాటరీ వైరు ఊడదీయండి. ఎగ్జాస్ట్ గొట్టం చల్లారేదాకా ఆగండి. ఇదెందుకు చెప్తున్నానంటే, నా ఎడమ మోచేతి మీద ఆ గొట్టం ముద్ర ఇప్పటికీ ఉంది.

కింద దూరి డ్రైవర్ వైపు చూస్తే బాక్స్ పక్కన ఒకే ఇరుసు మీద రెండు చిన్న చేతులు కనపడతాయి. బాక్స్‌కి దగ్గరగా ఉన్నది గేర్లు మార్చేది. బయట ఉన్నది యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కింది గేర్‌కి దించేది. దానిది వేరే కనెక్షన్, దాన్ని కదపకండి. లోపలి చేతికి తగిలించిన కేబుల్ కొస ఊడదీసి పక్కన పెట్టండి. ఇప్పుడు షిఫ్టర్‌కీ బాక్స్‌కీ సంబంధం లేదు. ఆ చేతిని మీ చేత్తోనే ఒక కొస నుంచి ఇంకో కొసకి నెమ్మదిగా జరపండి. టక్ మని ఒకచోట కూర్చుంటుంది. ఇంకొంచెం నెట్టండి, మళ్ళీ టక్. ఆరు చోట్ల కూర్చుంటుంది. ఈ టక్కులు బాక్స్ లోపల ఉన్నవి. ఒక పంటి చక్రం, దాని పళ్ళ మధ్య పడే ఒక స్ప్రింగు కలిసి చేసే పని అది. పైన మీ షిఫ్టర్‌లో ఉన్న గంట్లు వేరే. మీరు చేయాల్సిందల్లా పై గంట్లూ కింది టక్కులూ ఒకేసారి పడేట్టు చూడటమే.

ఏ కొస పి అని తెలియడానికి వెనక చక్రాన్ని చూడకండి. పిలో ఉన్నా సరే, రెండు చక్రాలూ గాల్లో ఉంటే ఒకటి ఇటు తిప్పితే రెండోది అటు తిరిగి మిమ్మల్ని తికమక పెడుతుంది. బాక్స్ నుంచి వెనక్కి వెళ్ళే డ్రైవ్ షాఫ్ట్‌ని పట్టుకుని తిప్పండి. పిలో అది అటూ ఇటూ కాస్త ఆడి ఠక్కున ఆగిపోతుంది. ఒక స్థానం వెనక్కి జరిపితే ఆర్, ఇంకొకటి జరిపితే ఎన్.

ఇప్పుడు బాక్స్‌ని ఎన్‌లో ఉంచండి. పైన కూర్చున్నవాళ్ళు షిఫ్టర్‌ని ఎన్‌లో పెడతారు. కేబుల్ కొసనున్న కన్నాన్ని ఆ చేతికున్న పిన్ను దగ్గరికి తీసుకురండి. దానంతటది జారిపోయి కూర్చోవాలి. లాగితేగానీ రావడం లేదంటే, నెడితేగానీ చేరడం లేదంటే, కొసన ఉన్న మరలు తిప్పి పొడవు సరిచేయండి. అర చుట్టు తేడా కూడా లెక్కలోకే వస్తుంది. మీరు మొదటిసారి బిగించినప్పుడు ఇక్కడే కాస్త బలవంతంగా తోసి ఉంటారని నా అనుమానం. ఏమీ అనుకోకండి, అందరం అదే చేస్తాం.

తగిలించాక పైనున్నవాళ్ళు ఒక్కో స్థానం పేరు గట్టిగా చెబుతూ మార్చాలి. మీరు కింద ఆ చేతి మీద రెండు వేళ్ళు ఆనించి ఉండాలి. పి అన్నప్పుడు కింద టక్ పడిందా? పడ్డాక కేబుల్ కొస ఊడదీసి చేత్తో నెట్టి చూడండి. ఇంకా ముందుకి వెళ్తోందంటే పూర్తిగా పడలేదన్నమాట. ఎల్ వరకూ, అంటే మీ కొత్త ప్లేటు మీద 1 వరకూ ఇలాగే.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, షిఫ్టర్‌తో వచ్చే కాగితాల్లో ఇది సరిగ్గా చెప్పరు. అన్ని స్థానాలూ ఒకే వైపు, ఒకే అంత తేడాతో తప్పుతుంటే తప్పు కేబుల్ పొడవులో ఉంది. మరలు తిప్పితే పోతుంది. అలాకాక పి సరిగ్గా పడి, కిందికి పోయేకొద్దీ తేడా పెరుగుతూ ఎల్ దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తప్పుతుంటే, పొడవు ఎంత మార్చినా లాభం లేదు. పికి సరిచేస్తే ఎల్ పోతుంది, ఎల్‌కి సరిచేస్తే పి పోతుంది. అప్పుడు కేబుల్ తగిలించిన కన్నం తప్పు. కిట్‌లో వచ్చిన చేతికి రెండు మూడు కన్నాలు ఉంటాయి. ఇరుసుకి దగ్గర కన్నంలో పెడితే అదే కేబుల్ కదలికకి చెయ్యి ఎక్కువ తిరుగుతుంది, దూరపు కన్నంలో పెడితే తక్కువ తిరుగుతుంది. ఈ సంగతి తెలియక నేను ఒక శనివారం మధ్యాహ్నమంతా మరలు తిప్పుతూ కూర్చున్నాను.

కేబుల్ దారి కూడా చూడండి. ఎగ్జాస్ట్ గొట్టానికి ఆనితే పై తొడుగు కరుగుతుంది, ఆ తర్వాత నెలకి బిగుసుకుపోతుంది. దాన్ని పెద్ద వంపుగా తిప్పండి, మడత పడనీయకండి. కేబుల్ బ్రాకెట్ ఆయిల్ పాన్ బోల్టుల కింద బిగించేది అయితే ఆ బోల్టుల్ని మరీ పళ్ళు బిగబట్టి తిప్పకండి. అవి సన్నవి, గాస్కెట్ నలిగి ఎర్ర నూనె బొట్లు బొట్లుగా కారడం మొదలవుతుంది.

ఆఖర్న స్టార్టర్. పి, ఎన్ రెండింట్లో తప్ప స్టార్టర్ తిరగనీయని స్విచ్ ఒకటి ఉంటుంది. బండిని బట్టి అది షిఫ్టర్ దగ్గరో బాక్స్ పక్కనో ఉంటుంది. కొత్త షిఫ్టర్‌తోపాటు దాని స్విచ్ వచ్చి ఉంటే వైర్లు దానికే కలపాలి. ముందు గేర్లు సరిచేయండి, ఆ తర్వాతే స్విచ్ ముట్టుకోండి. బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని ఆరు స్థానాల్లోనూ తాళం తిప్పి చూడండి. ఆర్‌లోనో డిలోనో స్టార్టర్ తిరిగిందంటే ఆ బండి రోడ్డెక్కకూడదు. రెండు వైర్లూ కలిపి ముడేసి ఆ స్విచ్‌నే లేకుండా చేసేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళని మీ గరాజ్‌లోకి రానివ్వకండి.

పిలో జారడాన్ని ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. పిలో ఉన్నట్టు కనపడి నిజానికి పికీ ఆర్‌కీ మధ్యలో ఆగిన లివర్ గురించి అమెరికాలో 1970ల్లో చాలా ఫిర్యాదులు వచ్చాయి. 1980లో ప్రభుత్వ రహదారి భద్రతా విభాగంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫోర్డ్ కంపెనీ సుమారు 2.3 కోట్ల బండ్ల యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపింది. దిగేముందు లివర్ పూర్తిగా పిలో పెట్టండి, పార్కింగ్ బ్రేక్ వేయండి, ఇంజన్ ఆపండి అని దాని సారాంశం. మన ఇళ్ళల్లో ఆ మధ్యదాన్ని ఎవరూ వేయరు. ఆటోమేటిక్ బండికి పార్కింగ్ బ్రేక్ ఎందుకని నన్నే అడిగినవాళ్ళున్నారు.

నేనూ వేయలేదు లెండి. 2003లో ఇర్వింగ్‌లో అద్దెకుండేవాళ్ళం. సాయంత్రం బండి కింద దూరి గేర్ రాడ్డు తగిలే చోట ఉండే బుష్ అనే చిన్న రింగు మార్చి, ఎంత బాగా చేశానో అని ఒక రౌండ్ వేసొచ్చాను. ఇంటి ముందు ఆపి, పిలోకి తోసి, ఇంజన్ ఆపకుండా గరాజ్ తలుపు ఎత్తడానికి దిగాను. రాడ్డు పొడవు సరిచేయడం మర్చిపోయాను. తలుపు సగం లేచేసరికి వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే బండి తనంతట తను రివర్స్‌లో వీధిలోకి వెళ్ళి ఎదురింటి ఇటుకల మెయిల్‌బాక్స్‌ని గుద్దుకుని ఆగి ఉంది. టెక్సస్‌లో ఆ మెయిల్‌బాక్సులు ఎలా కడతారో మీకు తెలుసు. దానికి ఒక పెచ్చు లేచింది, నా బంపర్ మధ్యకి వంగింది. ఎదురింటి ముసలమ్మ బయటికొచ్చి ముందు బండిలో ఎవరూ లేరని చూసుకుంది, తర్వాత నన్ను చూసింది. ఏమీ అనలేదు.

ఇంకొక్క మాట. ఆ పాత షిఫ్టర్ పారేయకండి. లివర్ ఊగుతోందని మీరు తీసేశారు కదా, కింద రాడ్డు తగిలే చోట ఒక చిన్న బుష్ ఉంటుంది. ఇన్నేళ్ళకి అది ఎండి, పగిలి, రాలిపోయి ఉంటుంది. నూటికి ఎనభై షిఫ్టర్లకి పట్టిన జబ్బు అదేనని నా నమ్మకం. కొన్ని డాలర్లకి కొత్త బుష్ దొరుకుతుంది. ఎప్పుడైనా ఆ చుక్కల ప్లేటు, బటన్ ఉన్న ఆ టి ఆకారపు పిడి మళ్ళీ కావాలనిపిస్తే బుష్ వేసి పెట్టేసుకోవచ్చు. అనిపిస్తుంది, చూస్తూ ఉండండి.

ప్రశ్న: మా అబ్బాయి 1972 షెవర్లే షెవెల్‌లో పాత టర్బో 350 గేర్‌బాక్స్ తీసేసి నాలుగు గేర్ల 700ఆర్4 పెట్టాడు. పాత షిఫ్టర్‌తోనే నడుపుతున్నాడు. "1 పడదు, అంతే, దాని అవసరం ఏముంది నాన్నా" అంటాడు. నిజమేనా? – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీవాడి పాత షిఫ్టర్‌కి ఆరు గంట్లు, కొత్త బాక్స్‌కి ఏడు స్థానాలు. ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేర్) ఒకటి ఎక్కువ కదా. ఏడు గంట్లున్న ప్లేటు విడిగా దొరుకుతుంది, మార్చమనండి. 1 లేకుండా న్యూజెర్సీలో రోజులు వెళ్ళిపోతాయి, నిజమే. కానీ స్థానాల లెక్క తప్పిన షిఫ్టర్‌తో పి సరిగ్గా పడుతోందో లేదో ముందు చూడండి. ఎలాగో పై జవాబులో ఉంది.

మీవాడు చెప్పనిది ఒకటుంది, అది మీరు అడగండి. కార్బురేటర్ నుంచి బాక్స్‌కి వెళ్ళే టీవీ కేబుల్ పెట్టాడా? టీవీ అంటే థ్రాటిల్ వాల్వ్. టర్బో 350లో కూడా కార్బురేటర్ నుంచి ఒక కేబుల్ ఉంటుంది, కానీ అది గట్టిగా తొక్కినప్పుడు కింది గేర్‌కి దించడానికే. అందుకని చాలామంది ఇదీ అదేలే అనుకుని, తోచినట్టు తగిలించేస్తారు. 700ఆర్4లో లోపలి ఆయిల్ ఒత్తిడి ఎంత ఉండాలో చెప్పేది ఆ కేబులే. అది వదులుగా ఉంటే క్లచ్ ప్లేట్లకి పట్టు చాలక జారి మాడిపోతాయి, దానికి ఎంతో కాలం పట్టదు. అది సరిచేసేదాకా ఇంటి వీధి చివరికి కూడా నడపొద్దని చెప్పండి. షిఫ్టర్ సంగతి ఆ తర్వాత.

ప్రశ్న: మా తాతగారి ఇంపాలా షెడ్డులో ఉంది, స్టీరింగ్ పక్కన గేర్, ఆటోమేటిక్. ఇప్పటికీ స్టార్ట్ అవుతుంది. లివర్ చూపించే అక్షరం ఒకటి, పడే గేర్ ఒకటి. దాన్ని తీసి కింద ఫ్లోర్ షిఫ్టర్ పెట్టిస్తానని మెకానిక్ అంటున్నాడు. – హైదరాబాద్

జవాబు: పెట్టించకండి. ఫ్లోర్ షిఫ్టర్ అంటే మీ తాతగారి బండి మధ్య నేలకి కన్నం. ఆ కన్నం మళ్ళీ పూడదు. ఆ రోజుల్లో చాలా ఇంపాలాల్లో ఉండేది పవర్‌గ్లైడ్, రెండే గేర్ల బాక్స్. మార్చడానికి అసలు పెద్దగా ఏమీ లేదు. స్టీరింగ్ గొట్టం అడుగునుంచి బాక్స్‌కి వెళ్ళే రాడ్లకి రెండు మూడు చోట్ల బుష్‌లు ఉంటాయి. ఒక్కోదాంట్లో కొంచెం కొంచెం వదులు చేరి చివరికి ఒక అక్షరమంత తేడా వస్తుంది. బుష్‌లు దొరక్కపోతే టర్నింగ్ పని చేసేవాళ్ళ దగ్గర నైలాన్‌తో చేయించుకోండి, మన ఊళ్ళో అది పెద్ద పని కాదు. బుష్‌లు వేశాకే రాడ్డు పొడవు సరిచేయించండి. ముందు సరిచేస్తే ఆ శ్రమ వృథా.

ప్రశ్న: మావారు పాత కారుకి గేర్ లివర్ మార్చినప్పట్నుంచి అందులో కూర్చుంటే నాకు తలనొప్పి, పిల్లకి కళ్ళు మంటలు. ఆయనేమో పాత కార్లు అలాగే ఉంటాయి అంటారు. కారు వాసన అలవాటు లేక నాకే అలా అనిపిస్తోందా? – షార్లెట్, నార్త్ కరోలినా

జవాబు: లేదమ్మా, మీకు అనిపించడం కాదు. లివర్ మార్చేటప్పుడు కింద ఉన్న రబ్బరు తొడుగు తీసి, మళ్ళీ సరిగ్గా మూసి ఉండరు. కార్పెట్ ఎత్తి, షిఫ్టర్ చుట్టూ టార్చ్ వేసి చూడమనండి. నేల కనపడిందంటే ఎగ్జాస్ట్ పొగ అక్కడినుంచే లోపలికి వస్తోంది. మీకు తెలుస్తున్నది పొగ వాసన మాత్రమే. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి దాని పనే కావచ్చు. కేబుల్ వెళ్ళే కన్నానికి రబ్బరు గ్రోమెట్, షిఫ్టర్ అడుగున గాస్కెట్, చుట్టూ వేడికి కరగని సీలెంట్ వేయాలి. దాంతోపాటు ఎగ్జాస్ట్ గొట్టం ఎక్కడైనా లీకవుతోందేమో కూడా చూపించాలి. గంటన్నర పని. అది అయ్యేదాకా పిల్లని ఆ కారు ఎక్కించకండి, మీరూ ఎక్కకండి. మీవారు ఇంకా పాత కార్లు అలాగే ఉంటాయి అంటే ఈ పేజీ చూపించండి. నాది 1967 బండి, అద్దాలు ఎక్కించుకుని ఆస్టిన్ దాకా వెళ్ళొస్తాను, తలనొప్పి రాదు.